గ్రెనడాలో పరీక్షార్థ విశ్రాంతి

మా రాష్ట్రంలో ముద్ర లేని నిచ్చెన ఎక్కడం నేరం. ఈ సంగతి నిచ్చెనలెక్కేవాళ్ళలో చాలామందికి తెలియదు గానీ, ముద్ర వేయడానికి ఒక ప్రభుత్వ సంస్థ మాత్రం ఉంది. దాని పేరు రాష్ట్ర నిచ్చెనల నాణ్యతా నిర్ధారణ మండలి. కాకినాడలో పాత ఐసు ఫ్యాక్టరీ పక్కనున్న మేడలో మా ఆఫీసు. నేనందులో సీనియర్ అసిస్టెంటుని. పేరు విశ్వపతి. ఆఫీసులో సొంత నిచ్చెన ఒకటుంది. దానికి ముద్ర లేదు కనక ఎవరం ముట్టుకోం. పైనున్న బల్బులు మాడిపోయి చాలా కాలమైంది.

మా పద్ధతి గొప్పది. ఊరికే చూసి ముద్ర గుద్దేసే రకం కాదు మేం. ఎక్కి చూస్తాం. ఎక్కేవారు ఒకరు, కింద పట్టుకునేవారు ఒకరు, ఆ ఇద్దరినీ చూసి రాసుకునేవారు ఒకరు. ముగ్గురూ లేనిదే పరీక్ష చెల్లదు. ఒకసారి సున్నాలు వేసే మేస్త్రి ఒకాయన వచ్చి, "ఈ నిచ్చెన మా నాన్న కాలం నించి ఎక్కుతున్నామండి, ఆయ్, ఎప్పుడూ పడ్లేదండి" అని మొరపెట్టుకున్నాడు. "ఎక్కేరు సరేనండి, ఎవరైనా రాసుకున్నారా?" అని అడిగారు మా సూపరింటెండెంటు కొప్పిశెట్టి గారు. మేస్త్రి దగ్గర జవాబు లేదు. నిజాయితీగా ఆలోచించేవాళ్ళెవరి దగ్గరా ఉండదు.

ఇలాంటి సంస్థలో పనిచేసే మనిషి కరీబియన్ దీవిలో సెలవు గడపాలని అనుకోకూడదు. నేనూ అనుకోలేదు. అనుకున్నది మా ఆవిడ హైమావతి.

మసాలాల కంపెనీ ఒకటి తన జాజికాయ పొడికి నినాదం రాయమని పోటీ పెట్టింది. "చిటికెడు జాజి, వీధంతా రాజీ" అని రాసి పంపింది హైమావతి. మా వీధిలో కుళాయి పెట్టిన నాటినుంచీ ఎవరికీ ఎవరితోనూ రాజీ లేదు. ఆ సంగతి కంపెనీకి తెలియదు కాబోలు, మొదటి బహుమతి ఇచ్చింది. జాజికాయలకు పేరుపడ్డ గ్రెనడా దీవిలో ఇద్దరికి వారం రోజుల విడిది. విమానాలూ తిండీ వాళ్ళవే. మే నెల దాటితే మాత్రం బహుమతి మురిగిపోతుంది.

"ఏవండీ, పెళ్ళయ్యాక నన్ను మీరు తీసుకెళ్ళింది అన్నవరం ఒక్కటే" అంది హైమావతి. "అదీ కొండ దిగీ దిగగానే ఆడిటుందని లాక్కొచ్చేశారు. ఈసారి మీరు రాకపోతే ఊరుకోను, చెప్తున్నా."

"వస్తానే. నేనెప్పుడు రానన్నాను?"

"సముద్రంలో నడుం లోతు దాకా దిగుదాం, ఇద్దరం చెయ్యి పట్టుకుని. చుట్టుపక్కల మనకి తెలిసిన మొహం ఒక్కటి కూడా ఉండకూడదు. ఇక్కడైతే మునిసిపాలిటీ గుమస్తా గారావిడ చూస్తుందో, మీ ఆఫీసు వాళ్ళు చూస్తారో అని చీర కుచ్చిళ్ళు తడవకుండానే వచ్చేస్తాం."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూస్తే నాకు ముచ్చటేసింది. మర్నాడే సెలవుకి అర్జీ పెట్టాను.

సరిగ్గా ఆ వారమే మా డైరెక్టరు పేరంరాజు గారు బెంగుళూరులో 'ఉద్యోగి విశ్రాంతి' అనే సదస్సు ముగించుకుని తిరిగొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు కళ్ళలో ఒక వెలుగుతో వచ్చారు. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఉపన్యసించారు.

"విశ్రాంతి అనేది ఒక ఉత్పత్తి. ఉత్పత్తి అన్న తరువాత నాణ్యత ఉండవలెను. నాణ్యత అన్న తరువాత పరీక్ష ఉండవలెను. నాసిరకం సెలవు తీసుకుని వచ్చిన ఉద్యోగి, మెట్టు విరిగిన నిచ్చెనతో సమానుడు. మనం నిచ్చెన ఎక్కి చూడకుండా ముద్ర వేయుచున్నామా? లేదు. మరి సెలవును ఎక్కి చూడకుండా ఎలా మంజూరు చేయగలం?"

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అందులో ఖండించడానికేముంది? సాయంత్రానికి సర్క్యులరు వచ్చింది. ఉద్యోగి కోరిన విశ్రాంతిని ముందుగా ఒక అధికారి తీసుకుని చూసి, అది సంతృప్తికరంగా ఉందని నిర్ధారించిన మీదటే సెలవు మంజూరు చేయబడును. దాని కింద పడ్డ మొదటి అర్జీ నాదే.

ముందు ఒక మెమో వచ్చింది. "సదరు అర్జీదారు సముద్రతీర విశ్రాంతిని కోరియున్నారు. కాకినాడ యందే సముద్రము లభ్యమగుచుండగా అన్య సముద్రమును ఆశ్రయించుటకు గల కారణములేవి? స్థానిక సముద్రము పనికిరాదని రుజువగు వరకు దిగుమతి సముద్రమును పరిశీలించుట సాధ్యపడదు."

రుజువు కోసం ఆఫీసు జీపులో ఉప్పాడ తీరానికి వెళ్ళాం. ఎక్కే అధికారి కొప్పిశెట్టి గారు. ఆయన పంచె మోకాళ్ళ పైకి కట్టి నీళ్ళలోకి దిగారు. పట్టుకునేందుకు టైపిస్టు వెనక నుంచి ఆయన నడుం పట్టుకున్నాడు. రాసుకునేందుకు జూనియర్ అసిస్టెంటు ఒడ్డున కుర్చీ వేసుకున్నాడు. నన్ను మాత్రం నీటికి దూరంగా జీపులోనే కూర్చోమన్నారు. అర్జీదారు ముందే విశ్రాంతి పొందితే పరీక్ష చెల్లదట.

"రాసుకోండి" అని అరిచారు కొప్పిశెట్టి గారు. "నీరు ఉన్నది. ఉప్పు ఉన్నది. అల వచ్చుచున్నది. అల వెళ్ళుచున్నది. మళ్ళీ వచ్చుచున్నది... ఓర్నాయనో, ఇది పెద్దదండోయ్! పట్టుకోండి, పట్టుకోండి!"

టైపిస్టు పట్టుకున్నాడు, అయితే కొట్టుకుపోతున్న టిఫిను క్యారేజీని. కొప్పిశెట్టి గారు బోర్లా పడి, ముక్కులోంచీ నోట్లోంచీ ఉప్పునీళ్ళు కారుతూ లేచారు. లేస్తూనే, "ఈ అల లెక్కలోకి రాదు, పట్టుకోనప్పుడొచ్చింది" అన్నారు. అంత నీతి గల మనిషి.

రిపోర్టు ఇలా తేలింది: స్థానిక సముద్రము తడిగా ఉన్నది. అయితే గ్రెనడా సముద్రము ఇంతకన్న ఎక్కువ తడియో తక్కువ తడియో దిగి చూచిన గాని చెప్పజాలము.

నేను సంబరంగా ఇంటికెళ్ళి చెప్పాను. హైమావతి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"అంటే మనకంటే ముందు వాళ్ళెళ్తారా?"

"మన కోసమేనే."

"మన పెళ్ళి కూడా ముందు వాళ్ళనే చేసుకుని చూడమనాల్సింది" అంది. పెళ్ళి నాటికి ఈ సర్క్యులరు లేదని వివరించబోయాను గానీ వినలేదు.

కొప్పిశెట్టి గారి ముగ్గురి బృందానికి స్టేషన్లో ఘనంగా వీడ్కోలిచ్చాం. దండలు వేశాం. కొబ్బరికాయ కొట్టాం. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మీ సెలవు కోసం నా ప్రాణమైనా పెడతానండి విశ్వపతిగారూ" అన్నారు. ఆవకాయ జాడీ నేనే మోసుకెళ్ళి బోగీలో పెట్టాను.

గ్రెనడా నుంచి రిపోర్టులు రావడం మొదలైంది. "మొదటి దినము విశ్రాంతి తీసుకొనబడినది. రెండవ దినమున కూడ తీసుకొనబడినది. జాజికాయల తోటలో నీడ కలదు. ఇసుక మెత్తగా ఉన్నది. మూడవ దినమున పట్టుకొను ఉద్యోగి, రాసుకొను ఉద్యోగి ఏకకాలమున నిద్రించినందున పరీక్ష రద్దయినది. మొదటి నుండి పునఃప్రారంభించడమైనది."

అలా రెండుసార్లు రద్దయింది. ఏప్రిల్ వచ్చేసింది. పరీక్ష ఎట్టకేలకు పూర్తయిందనుకునేసరికి పేరంరాజు గారు ఒక లోపం కనిపెట్టారు. నన్ను పిలిపించుకున్నారు.

"మిస్టర్ విశ్వపతీ, మీరు సతీసమేతంగా వెళ్ళుచున్నారు. కొప్పిశెట్టి ఒంటరిగా వెళ్ళినాడు. ఒంటరి అధికారి తీసుకొన్న విశ్రాంతి దంపతుల విశ్రాంతికి ప్రమాణము కాజాలదు. ఔనా, కాదా?"

"ఔనండి" అన్నాను. నేను మంచి ఉద్యోగిని. కాదనవలసిన చోట కూడా ఔనంటాను.

ఆ ముగ్గురి భార్యలనూ పంపించారు. త్వరలోనే రిపోర్టు వచ్చింది: ధర్మపత్నులు వచ్చిన పిమ్మట భర్తల విశ్రాంతి తగ్గినది, భార్యల విశ్రాంతి పెరిగినది, సగటు మారలేదు.

ఈ సగటు దగ్గర అకౌంట్సు సెక్షనుకి అనుమానమొచ్చింది. వీళ్ళు నిజంగా విశ్రాంతి తీసుకుంటున్నారా, లేక మన కళ్ళు కప్పి అక్కడ ఏదైనా పని చేసుకుంటున్నారా? పని చేస్తే అది నిధుల దుర్వినియోగం. సెక్షను సెక్షనంతా బయల్దేరింది. వెళ్ళి చూసి, కొబ్బరినీళ్ళు తాగాక వచ్చే కునుకు విశ్రాంతి కిందికి రాదని, అది భోజనం పద్దు కిందికి వస్తుందని అభ్యంతరం లేవదీసింది. కొప్పిశెట్టి గారు ఒప్పుకోలేదు. సముద్రం ఒడ్డున రెండు పక్షాలూ ఎదురెదురుగా కునుకు తీసి చూపించుకున్నారట. తేలలేదు.

"ఇక నేను కదలక తప్పదు" అన్నారు పేరంరాజు గారు, ప్రాణాలతో తిరిగి వస్తానో రానో అన్నట్టు. డైరెక్టరు వెళ్తే ఆయన్ని పట్టుకునేవారు, ఆయన్ని చూసి రాసుకునేవారు వెళ్ళాలి కదా. వాళ్ళ స్థాయి డైరెక్టరు స్థాయికి సరిపోదని ఒకరికి బదులు నలుగురు చొప్పున వెళ్ళారు. మిగిలిన ఇద్దరు అటెండర్లనూ వాచ్‌మన్‌నూ సామాన్ల కోసం తీసుకుపోయారు.

బయల్దేరేముందు పేరంరాజు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "మిస్టర్ విశ్వపతీ, ఇంతమందిమి ఎవరి కోసం వెళ్ళుచున్నాము?"

"నా కోసమేనండి."

"కనుక ఇన్‌చార్జి బాధ్యతలు మీరే స్వీకరించుట న్యాయము" అని తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు.

అలా నేను మండలికి ఇన్‌చార్జి డైరెక్టరునయ్యాను. జనం నిచ్చెనలు మోసుకొచ్చి గేటు దగ్గర ఆనించి పోతున్నారు. ఒక్కణ్ణే కనక పరీక్ష చేయడానికి లేదు. విసిగిపోయి కొందరు ముద్ర లేకుండానే ఎక్కేస్తున్నారని తెలిసింది. ఊళ్ళో ఒక్కరూ పడలేదు. ఇది మండలి ప్రతిష్ఠకి మంచిది కాదని ఒక నోటు రాసి పెట్టాను.

మే మూడో వారంలో ఫైలు తిరిగొచ్చింది. ఒకదాని మీదొకటి కుట్టిన రిపోర్టుల చివర పేరంరాజు గారి సంతకం ఉంది. "ప్రదేశము దంపతుల విశ్రాంతికి సర్వవిధముల యోగ్యము. కార్యాలయమందు బాధ్యతలు నిర్వహించుచున్న అధికారి తుది ఉత్తర్వులు జారీ చేయవచ్చును. మేము ఇచ్చటనే యుండి యోగ్యత తగ్గకుండ చూచుకొనెదము."

నాకు ఆనందంతో కాళ్ళు నిలవలేదు. తుది ఉత్తర్వులంటే నా ఉత్తర్వులే! డైరెక్టరు గదిలోకి వెళ్ళి, తెల్ల తువ్వాలు పరిచిన ఆయన కుర్చీలో కూర్చున్నాను. పెన్ను తీశాను. సంతకం పెడదామనే తీశాను, ఒట్టు. కానీ ఆ కుర్చీలోంచి చదివితే నా అర్జీ వేరేగా కనిపించింది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. కారణం అన్న చోట 'విశ్రాంతి' అని ఒక్క ముక్క గిలికి ఊరుకున్నాడు. ఎంత నిర్లక్ష్యం! మార్జినులో రాశాను: "అర్జీదారు సెలవుపై వెళ్ళినచో సదరు సీటు పనిని ఎవరు చూతురు?"

ఫైలు పట్టుకుని కిందికి దిగి నా సీట్లో కూర్చుని జవాబు రాశాను. "ఇన్‌చార్జి డైరెక్టరు గారు చూతురు."

పైకి తీసుకెళ్ళి చదివాను. ఒళ్ళు మండిపోయింది. డైరెక్టరు గుమస్తా పని చూడాలా? వీడికి పొగరు తలకెక్కింది. "అర్జీదారు స్వయముగా హాజరై చర్చించవలెను" అని రాశాను.

హాజరయ్యాను. కాసేపు బల్లకి ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఖాళీ కుర్చీ నన్ను కూర్చోమనలేదు. తరువాత అవతలికెళ్ళి కూర్చుని, ఇందాక నిలబడ్డ చోటికేసి కళ్ళద్దాల పైనుంచి చూశాను. మనిషి వినయంగానే ఉన్నాడు గానీ, నాకు నమ్మకం కలగలేదు.

చర్చలు ఇలా సాగుతుండగా విమానం రేపనగా హైమావతి ఆటోలో ఆఫీసుకొచ్చింది. రెండు సూట్‌కేసులు ఆటోలోనే ఉన్నాయి. కొత్త నూలు చీర కట్టుకుంది. సముద్రంలో తడిస్తే తొందరగా ఆరుతుందని కొనుక్కున్న చీర.

"రండి, రైలుకి టైమవుతోంది. సెలవిచ్చారా?"

"ఫైలు నడుస్తోందే."

"ఎవరి దగ్గర నడుస్తోంది? అందరూ అక్కడే ఉన్నారుగా!"

"నా దగ్గరే."

హైమావతి నన్నూ, కుర్చీనీ, ఫైలునీ వరసగా చూసింది. "అయితే సంతకం పెట్టండి" అంది మెల్లిగా, చంటివాడికి అన్నం ముద్ద అందిస్తున్నట్టు.

"అలా ఎలా పెడతారే? అతను వెళ్ళిపోతే ఆఫీసులో ఒక్కరూ ఉండరు. ఆ పాయింటుకి అతను సరైన సమాధానం ఇవ్వలేదు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, మనిషి మంచివాడే గానీ..."

"ఎవరండీ అతను?"

నేను ఫైలు ఆమె వైపు తిప్పి, అర్జీదారు పేరు మీద వేలు పెట్టాను.

"నాకు ఈ సెలవు మసాలా కంపెనీ వాళ్ళిచ్చారు" అంది హైమావతి. "మీ పేరంరాజు గారు నాకేం ఇవ్వక్కర్లేదు, మీరూ ఇవ్వక్కర్లేదు. నేను ఏ ఆఫీసులోనూ లేను. ఒక్క మాట చెప్పండి. వస్తారా, రారా?"

ఆమెతో వెళ్ళిపోవాలని నాకెంత ఉందో నాకే తెలుసు. కాళ్ళు గుమ్మం వైపు తిరిగాయి కూడా. కానీ చెయ్యి పెన్ను మీద పడింది. "కార్యాలయ ప్రయోజనముల దృష్ట్యా తిరస్కరించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు పెట్టిన సంతకం అదొక్కటే.

హైమావతి సంతకాన్ని చూసింది. అక్కడే నిలబడి మా అక్కయ్యకి ఫోను చేసింది. అక్కయ్య సింగపూరులో కూతురి పురిటికి వెళ్ళొచ్చిన మనిషి, పాస్‌పోర్టు సిద్ధంగా ఉంది. మనిషి మారినా ఫరవాలేదని కంపెనీ ముందే చెప్పింది. "వదినగారూ, బట్టలు సర్దుకోండి, వెళ్ళేదారిలో మిమ్మల్ని ఎక్కించుకుంటాను" అని చెప్పి, నా సూట్‌కేసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు సాయంత్రం నేను గేటు దగ్గర నిచ్చెనలు చూసుకుంటుంటే ఫోను మోగింది. వీడియో. అక్కడ అప్పుడు ఉదయం. నీలంగా సముద్రం, అందులో నడుం లోతున హైమావతీ మా అక్కయ్యా చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉన్నారు. వాళ్ళ వెనక ఒడ్డు పొడుగునా మా ఆఫీసు. పేరంరాజు గారు రంగురంగుల చొక్కాతో పడక కుర్చీలో ఉన్నారు. ఎవరో ఆ కుర్చీని పట్టుకున్నారు. ఇంకెవరో రాసుకుంటున్నారు.

"తెలిసిన మొహం ఉండకూడదనుకున్నానా, జిల్లా అంతా ఇక్కడే ఉందండీ!" అని హైమావతి నవ్వింది. అల వచ్చి మీద పడింది. ఇద్దరూ మునిగి లేచి మళ్ళీ నవ్వారు. మా పెళ్ళయ్యాక ఆమె అలా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. కొప్పిశెట్టి గారు ఫోనులోకి తొంగి చూసి, "అమ్మగారి విశ్రాంతి చాలా ఉన్నత ప్రమాణాల్లో ఉందండి, ఆయ్, రిపోర్టులో రాసేశాం" అన్నారు.

ఫోను పెట్టేశాక నాకు గుండెల్లోంచి ఏడుపు తన్నుకొచ్చింది. అయితే ఆఫీసు వేళల్లో ఏడవకూడదు కనక, కింద నా సీట్లో కూర్చుని, ఏడవడానికి ఒక పూట సెలవు ఇప్పించమని అర్జీ రాశాను. పైకెళ్ళి పరిశీలించాను. అర్జీ సమంజసంగానే ఉంది. కానీ సర్క్యులరు ప్రకారం, ఉద్యోగి ఏడ్చే ముందు ఒక అధికారి ఏడ్చి చూడాలి. ఆఫీసులో ఉన్న అధికారిని నేనొక్కణ్ణే.

తలుపు దగ్గరికి వేసి, డైరెక్టరు గారి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, పరీక్షార్థం ఏడవడం మొదలుపెట్టాను. చాలాసేపే పట్టింది. మధ్యలో మళ్ళీ ఫోను మోగింది. హైమావతి. ఈసారి నవ్వడం లేదు.

"ఏవండీ, అన్నం తిన్నారా? గొంతేంటి అలా ఉంది? ఏం చేస్తున్నారు?"

"డ్యూటీలో ఉన్నానే" అన్నాను.